ఎడారి అంటే ఏమీ లేని చోటా?

పోయిన నెల ఈ శీర్షికలో ఎండమావుల మీద వచ్చిన ఒక చిన్న ప్రశ్నకి నాలుగు వాక్యాల్లో జవాబు రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందులో సగానికి పైగా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. వానకి, వరదకి, తుపానుకి అలవాటు పడ్డ మనవాళ్లకి ఎడారి మీద ఇంత ఆసక్తి ఉందని తెలిసి చాలా సంతోషం వేసింది. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను ఎచ్చెర్లలో పీజీ రెండో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టుకి ఎడారుల మీద రాస్తానంటే క్లాసులో అందరూ నవ్వారు. "నాగావళి ఒడ్డున పుట్టినోడివి, ఎడారి నీకెందుకురా" అన్నారు. మా గైడుగారేమో ఎడారిని భూగోళశాస్త్రంగా రాస్తావా, మాటగా, ఉపమానంగా రాస్తావా, ఏదో ఒకటి తేల్చుకో, రెండూ కలపకు అంటున్నారు. నాకు రెండూ కావాలని ఉంది. టైటిల్ ఇవ్వాల్సిన తేదీ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. కలపొచ్చా?
(శ్రీకాకుళం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: బాబూ, నిక్షేపంగా కలపొచ్చు. విడదీసి రాస్తేనే సగం సంగతి చేతిలోంచి జారిపోతుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

స్కూల్లో మనందరం చదువుకున్నది ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడితే ఎడారి అని. గుర్తుపెట్టుకోవడానికి అది బాగానే ఉంటుంది గానీ పరిశోధకులు వాడే లెక్క ఇంకోటి ఉంది. ఒక చోట పడే వాన ఎంత, అక్కడి ఎండా గాలీ కలిసి నేల నుంచీ మొక్కల నుంచీ లాగేసుకోగలిగే నీరు ఎంత, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకెని శుష్కతా సూచిక అంటారు. అది 0.05 కంటే తక్కువైతే అతి శుష్కం, అక్కడి నుంచి 0.20 దాకా శుష్కం, 0.50 దాకా అర్ధశుష్కం, 0.65 దాకా ఉంటే కాస్త తేమ ఉన్న పొడి నేల. ఈ నాలుగూ కలిపితే భూమ్మీద ఉన్న నేలలో దాదాపు 41 శాతం. ఇసుక సంగతంటావా, సహారాలో కూడా ఇసుక తిన్నెలు నాలుగో వంతుకి మించవు, మిగతాదంతా రాళ్లు, కంకర, కొండలు. వానా మంచూ కలిపి చూసినా తక్కువే పడుతుంది కాబట్టి అంటార్కిటికాని ప్రపంచంలో అతి పెద్ద ఎడారిగా లెక్కేస్తారు, అక్కడ ఇసుక తిన్నెల ఊసే లేదు.

మరి మన పేపర్లలో అనంతపురాన్ని ఎడారి అని రాసేస్తుంటారు కదా. అక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, లెక్క ప్రకారం అది అర్ధశుష్క ప్రాంతం. కణేకల్లు వైపు వేదవతి ఒడ్డు ఇసుక పొలాల మీదికి వచ్చి పడటం నిజం, అక్కడి రైతుల కష్టమూ నిజం. కానీ జిల్లా మొత్తాన్ని పట్టుకుని ఎడారి అనెయ్యడంలో ఒక భయం ఉంది. ఆ భయానికి పెద్ద చరిత్రే ఉంది, నీ ప్రాజెక్టుకి అసలు సరుకు అక్కడ దొరుకుతుంది.

ఎడారీకరణ అనే మాటని బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు ఆబ్రెవిల్ అనే ఫ్రెంచి అటవీ శాస్త్రవేత్త, 1949లో. ఆయన కళ్లముందే ఎడారులు పుడుతున్నాయని రాసింది ఎక్కడి గురించో తెలుసా? ఆఫ్రికాలో ఏడాదికి 700 నుంచి 1500 మిల్లీమీటర్ల వాన పడే చోట్ల గురించి. మన శ్రీకాకుళం వాన కూడా ఆ మధ్యలోనే ఉంటుంది. నిన్ను చూసి నవ్విన వాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పు చాలు.

తర్వాత 1975లో లాంప్రే అనే ఆయన సూడాన్‌లో తిరిగి చూసి, పాత పటంతో పోల్చి, సహారా ఏడాదికి 5.5 కిలోమీటర్ల చొప్పున దక్షిణానికి నడిచొస్తోందని తేల్చాడు. ఎడారి నడిచి రావడం అనే బొమ్మ ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇప్పటికీ మన పాఠాల్లో, ఉపన్యాసాల్లో అదే వినిపిస్తుంది. కానీ ఆయన పోల్చి చూసిన పాత పటం గీసింది ఎక్కువగా వాన లెక్కల మీద, ఆయన కొత్తగా చూసింది పెద్ద కరువు నడుస్తున్న రోజుల్లో. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1980ల్లో అదే సూడాన్ మీద పని చేస్తే అలా ఏకబిగిన ముందుకు నడిచిన గుర్తులు కనిపించలేదు. 1991లో టకర్, డ్రెగ్నే, న్యూకూంబ్ అనే ముగ్గురు ఉపగ్రహ చిత్రాలతో 1980 నుంచి 1990 దాకా సహారా దక్షిణపు అంచుని ఏడాదికేడాది కొలిచారు. 1984 దాకా అంచు కిందికి జరిగింది, తర్వాత వానలు పడిన ఏడు మళ్లీ పైకి వెళ్లింది. మన ఏటి ఒడ్డున నీటి జాడ ఎలా ముందుకీ వెనక్కీ జరుగుతుందో అలాగన్నమాట. అంటే నేల చెడిపోవడం లేదని కాదు. మన దేశంలోనే ఇస్రో అట్లాసు ప్రకారం 2018-19 నాటికి 9.78 కోట్ల హెక్టార్లు, అంటే దేశంలో 29.77 శాతం నేల సారం దెబ్బతింటోంది. వాటిలో ఎక్కువ భాగానికి కారణం నీటి కోత, చెట్టూ గడ్డీ పోవడం, గాలి కోత లాంటివి. ఎక్కడి నుంచో ఎడారి నడిచొచ్చి మీద పడటం వల్ల కాదు.

ఈ బొమ్మ తప్పైతే ఏమైందిలే అనుకోకు. భయపడ్డవాడు చేసే పనులు వేరేగా ఉంటాయి. డయానా డేవిస్ అనే పరిశోధకురాలు 2016లో వచ్చిన తన పుస్తకంలో దీన్నే పట్టుకుంది. అల్జీరియాకి వచ్చిన ఫ్రెంచివాళ్లు ఆ పొడి నేలని చూసి, ఇది ఒకప్పుడు పచ్చటి అడవి, మేకలూ గొర్రెలూ మేపుకునే జనం దీన్ని పాడుచేశారు అని నమ్మి, ఆ మాట మీదే వాళ్ల మేత భూములు లాక్కున్నారు. మన దగ్గర సర్కారు తుమ్మ కథ చూడు, పేరులోనే సర్కారు ఉంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ చెట్టుని జోధ్‌పూర్ వైపు రాజుల కాలంలోనే పెంచారు, కచ్‌లోని బన్నీ గడ్డి మైదానంలో 1960ల్లో అటవీ శాఖ నాటింది, ఎడారి ముందుకు రాకుండా ఆపడానికని. ఇప్పుడది గడ్డిని మింగేసి పశువుల కాపర్లకి మేత లేకుండా చేస్తోంది. అదే రాజస్థాన్‌లో అక్కడి వాళ్లు ఖేజ్రీ అని పిలిచే చెట్టు ఉంది, అదేమిటో కాదు, మన దసరా జమ్మి. దాని ఆకు పశువులకి మేత, కాయ కూర, దాని కింద సజ్జ బాగా పండుతుంది. ఆ చెట్లు నరకొద్దని 1730లో ఖేజడలీ అనే ఊళ్లో అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఏమీ లేని చోటు కోసం ఎవరూ ప్రాణాలివ్వరు కదా బాబూ.

ఇప్పుడు మన జిల్లాకి వద్దాం. సోంపేట బీల నీకు తెలిసే ఉంటుంది. వానాకాలం నీళ్లు నిండి, చేపలు, గడ్డి, రెల్లు, చుట్టూ వరి, ఎన్నో ఊళ్లకి కూడు పెట్టే తడి నేల. అక్కడ థర్మల్ ప్లాంటు పెట్టాలనుకున్నప్పుడు కాగితాల మీద అది పనికిరాని భూమి అయిపోయింది. జనం ఏళ్ల తరబడి పోరాడారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు, సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. నీళ్లతో తొణికిసలాడే నేలని కూడా ఒక్క మాటతో ఎడారి చెయ్యొచ్చని నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాట రాజస్థాన్‌లో ఉందా, సోంపేటలో ఉందా అన్నది తర్వాతి సంగతి.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు చెప్తాను, నీ రెండో భాగానికి పనికొస్తాయి. మరుభూమి అనే మాటలోని మరుని సంస్కృత నిఘంటువులు చావుతో కలిపి చెబుతాయి, మన తెలుగులో అయితే ఎడారితో పాటు శ్మశానానికి కూడా ఆ మాట వాడేస్తాం. ఇంగ్లీషు డెజర్ట్‌కి మూలమైన లాటిన్ మాటకి వదిలేసిన చోటు అని అర్థం. మనం చిన్నప్పుడు బట్టీ పట్టిన ఏనుగు లక్ష్మణకవి పద్యంలో ఇసుక, ఎండమావి రెండూ కుదరని పనికి గుర్తులుగానే వస్తాయి. ఇక పోరంబోకు మాట చూడు. పన్ను లెక్కకి బయట ఉన్న నేల అని దాని అసలు అర్థం. చెరువు, బాట, శ్మశానం, పశువుల మేత, ఊరంతా వాడుకునే చోట్లన్నీ పోరంబోకే. అలాంటి మాట మనిషిని తిట్టే తిట్టుగా ఎప్పుడు మారింది, ఎందుకు మారింది అని ఒక్క అధ్యాయం రాయి, మీ గైడుగారు కాదనలేరు. నేలని ఎలా పిలిచామో మనిషినీ అలాగే పిలిచాం.

జైసల్మేరు దాకా వెళ్లడానికి డబ్బులు లేవని దిగులు పడకు. మీ ఊరి అడంగల్, అంటే ఊరి భూముల లెక్క పుస్తకం తీసుకుని, అందులో బంజరు, పోరంబోకు అని రాసిన సర్వే నంబర్లు నాలుగు ఎంచుకుని, ఆ చోట్లకి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి కూర్చో. ఎవరు వస్తున్నారు, ఏం కోసుకుంటున్నారు, ఏ గొడ్లు మేస్తున్నాయి, రాసుకో. అదే నీ ఫీల్డ్ వర్కు.

ప్రశ్న: మాస్టారుగారికి నమస్కారం. మాది కవిటి మండలం. మా పెద్దబ్బాయి దుబాయ్‌లో వెల్డింగ్ పని చేస్తున్నాడు. 2024 ఏప్రిల్లో అక్కడ వరదొచ్చి వాళ్ల క్యాంపులోకి నీళ్లొచ్చేశాయని వీడియో పెట్టాడు. ఎడారిలో వరదేమిటండీ? విమానాలతో వాన కురిపించారని అందరూ అన్నారు, నిజమేనా? ఊళ్లో వాళ్లేమో పాపం మీవాడు ఎడారిలో ఉన్నాడు అని జాలిపడతారు. వాడు లేక నాకు ఈ కొబ్బరి తోటలోనే ఎడారిలా ఉంది.

జవాబు: అమ్మా, మీ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతావాటికి చెబుతాను.

2024 ఏప్రిల్ 16న ఆ దేశంలో అల్ ఐన్ దగ్గర ఒక చోట ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. 1949లో అక్కడ లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన ఎప్పుడూ లేదు. విమానాలతో మేఘాల్లో రసాయనాలు చల్లడం ఆ దేశంలో మామూలే, అందుకే ఆ పుకారు పుట్టింది. కానీ ఆ రోజు వచ్చినది పక్కనున్న ఒమన్‌ని కూడా ముంచేసిన పెద్ద వాతావరణ వ్యవస్థ, అది వస్తోందని రోజుల ముందే అంచనాలున్నాయి. ఆ తుపాను సమయంలో చల్లలేదని అక్కడి వాతావరణ కేంద్రం కూడా చెప్పింది. ఎడారిలో వాన పడితే వరద రావడానికి కారణం నేలే. చాలా చోట్ల పైన గట్టి పెచ్చు కట్టి ఉంటుంది, నీరు ఇంకదు. పట్టి ఉంచడానికి చెట్టూ గడ్డీ లేవు, ఊళ్లలో మన దగ్గర ఉన్నట్టు కాలవలూ తక్కువ. నీరంతా ఒక్కసారిగా పల్లానికి పరుగెడుతుంది.

అమ్మా, వరద కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎండ. మీది ఉద్దానం. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు, అంత పచ్చటి చోట కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లని ఎలా కుదిపేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి అసలు కారణం ఏమిటో పరిశోధకులు ఇంకా తేల్చలేదు. అయితే మధ్య అమెరికాలో చెరకు తోటల్లో ఎండకి పని చేసే కూలీల్లో ఇలాంటి జబ్బే వచ్చింది, ఒంట్లో నీరు తగ్గిపోతూ వేడికి గంటల తరబడి కష్టపడటానికీ దానికీ సంబంధం ఉందని అక్కడ చాలా ఏళ్లుగా చదువుతున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నేపాలు కుర్రాళ్లలో కూడా కిడ్నీలు పాడైన వాళ్లు కనిపిస్తున్నారు. భయపెట్టాలని రాయడం లేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అబ్బాయితో ఇవి అనండి. దాహం వేసేదాకా ఆగకుండా పనిలో మధ్యమధ్య నీళ్లు తాగాలి. ఒళ్లు నొప్పులకి మాత్రలు తనంతట తాను కొనుక్కుని రోజూ మింగకూడదు, అవి కిడ్నీల మీద పడతాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం ఉంది, అది వాడి హక్కు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, బీపీ చూపించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, మీకు దగ్గరే.

ప్రశ్న: సార్, మాది విజయనగరం. తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. భీమిలి దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బలకి పిల్లల్ని తీసుకెళ్లి ఎడారి అంటే ఇదే అని చూపించొచ్చా?

జవాబు: తీసుకెళ్లండి, తప్పకుండా తీసుకెళ్లండి, కానీ ఎడారి అని మాత్రం చెప్పకండి. అవి సముద్రపు ఇసుక దిబ్బలు. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్ల కిందికి దిగిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి పోసింది, తర్వాత అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, వాన నీళ్లు చీల్చి గెడ్డలు చేశాయి. గట్లు ఎక్కనివ్వకండి, పెళ్లలు విరిగిపోతాయి.

ఎడారిలో ఇసుక ఎలా కదులుతుందో చూపించాలంటే ఇంకా దగ్గరలో కోనాడ తీరం ఉంది. మధ్యాహ్నం గాలి బాగా ఉన్నప్పుడు పిల్లల్ని చెప్పులు విప్పి నిలబడమనండి. ఇసుక రేణువులు చీలమండలకి తగిలి చురుక్కుమంటాయి, మోకాలి దగ్గర మాత్రం ఏమీ తగలదు. రేణువు ఎగిరి, కాస్త దూరం వెళ్లి, పడి, పడిన చోట ఇంకో రేణువుని ఎగరగొడుతుంది. బాగ్నాల్డ్ అనే ఆయన లిబియా ఎడారిలో కార్లేసుకుని తిరిగి, ఇంగ్లండుకి తిరిగొచ్చి గాలి సొరంగం కట్టి, ఈ గెంతుల లెక్క తేల్చి 1941లో పుస్తకం వేశాడు. మన తీరంలో కంకులు ముళ్ల బంతుల్లా దొర్లుతూ పోయే రావణుడి మీసం గడ్డి ఉంటుంది కదా, దాని మొదట్లో ఇసుక కుప్ప పడి ఉంటుంది చూడండి. తిన్నె పుట్టేది అలాగే. పిల్లలు అది ఒక్కసారి వేలితో ముట్టుకుంటే చాలు, పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాస్టారూ, నేను ఎస్.కోట మండలంలో ఆశా కార్యకర్తని. మా కొండ మీద ఊళ్లకి రోడ్డు లేదు. కాన్పు నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొస్తాం. మొన్న ఒక పేపర్లో మా ప్రాంతాన్ని వైద్య ఎడారి అని రాశారు. మా మేలు కోరే రాశారు గానీ చదివితే మనసు చివుక్కుమంది. అలా రాయడం సరైనదేనా?

జవాబు: తల్లీ, మీ మనసు చివుక్కుమనడంలో న్యాయం ఉంది. మీ లాంటి ప్రశ్నే పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో కూడా వేసుకుంటున్నారు.

ఈ వాడకం పాతదే. ప్యారిస్ ఒక్కటే అన్నీ లాగేసుకుంటే మిగతా ఫ్రాన్స్ ఎడారి అవుతోందని గ్రావియే అనే భూగోళ రచయిత 1947లోనే పుస్తకం రాశాడు, డాక్టర్లు లేని చోట్లని అక్కడ ఇప్పటికీ వైద్య ఎడారులు అంటారు. 1990ల్లో స్కాట్లండ్‌లో ప్రభుత్వ ఇళ్ల కాలనీ వాళ్ల నుంచి ఆహార ఎడారి అనే మాట వచ్చింది, తాజా కూరగాయలు దొరకని చోటు అని. అమెరికాలో దానికి కొలత కూడా పెట్టారు, పట్నంలో అయితే సూపర్ మార్కెట్ 1.6 కిలోమీటర్ల లోపు, పల్లెలో అయితే 16 కిలోమీటర్ల లోపు లేకపోవడం. స్థానిక వార్తాపత్రికలు మూతపడ్డ చోట్లని వార్తల ఎడారులు అంటున్నారు.

ఈ మాట వల్ల ఒక మేలు జరిగింది. పటం మీద రంగు వేసి చూపిస్తే పాలకులకి చప్పున ఎక్కుతుంది, నిధులు కదులుతాయి. కానీ న్యూయార్క్‌లో కేరెన్ వాషింగ్టన్ అనే ఆమె, నల్లవాళ్ల పేటల్లో కూరగాయల తోటలు వేసిన మనిషి, ఈ మాటకి అభ్యంతరం చెప్పింది. ఎడారి అంటే ప్రకృతి చేసిన పని అనిపిస్తుంది, మా పేటలో దుకాణం లేకపోవడం మనుషులు చేసిన పని, దాన్ని ఆహార వర్ణవివక్ష అనండి అంది. నేను ఆమె పక్షమే. మీ కొండకి రోడ్డు పడకపోవడం వాన పడకపోవడం లాంటిది కాదు. ఎవరో ఒకరి సంతకం ఆగింది.

ఇంకో అన్యాయం కూడా ఉంది. ఆ అమెరికా కొలత పట్టుకొచ్చి మీ ఊరి మీద పెడితే, దగ్గరలో సూపర్ మార్కెట్ లేదు కాబట్టి మీది ఆహార ఎడారి అని తేలుతుంది. మరి మీ ఇంట్లో కుండలో కాగుతున్న చోడి అంబలి, పెరట్లో కంది, పోడులో సామ, పనసకాయ, చింతపండు, వీటిని ఏ గడిలో రాస్తారు? కాన్పు చేయడం తెలిసిన ముసలమ్మలు, మీరు, డోలీ పట్టే కుర్రాళ్లు, ఇంతమంది ఉన్న చోటుని వైద్యం ఏమీ లేని చోటు అంటే మీకు కోపం రాక ఏమవుతుంది? ఆసుపత్రి కావాలి, రోడ్డు కావాలి, అది అడగడానికి మీరు ఏమీ లేనివాళ్లు అవ్వనక్కర్లేదు.

ఆ పేపరుకి మీరే ఒక ఉత్తరం రాయండి. పెద్ద భాష వద్దు. కిందటి ఏడాది మీరు ఎన్నిసార్లు డోలీ కట్టారో, ఏ ఊరి నుంచి ఏ రోడ్డు దాకా ఎన్ని కిలోమీటర్లు మోశారో, దిగడానికి ఎన్ని గంటలు పట్టిందో, ఆ రోజు డోలీ పట్టినవాళ్లు ఎవరి కూలీ మానుకుని వచ్చారో రాయండి. తల్లుల పేర్లు మాత్రం వద్దు. రాశాక కాపీ ఒకటి నాకు కూడా పంపండి, వచ్చే నెల ఈ పేజీలో మొదటి ఉత్తరంగా అదే వేస్తాను.